దొరతనం డోర్ డెలివరీ

కరెంటు పోతే చాలు, ఒకాయన అందుకుంటాడు: "బ్రిటిషోళ్ళే నయమండీ." రోడ్డు మీద గుంత కనబడితే దొరలే నయం. రిజిస్ట్రారాఫీసులో ఫైలు కదలకపోతే దొరలే నయం. మనవడికి మార్కులు తగ్గినా ఆ పాపం 1947దే. ఈయన పుట్టింది దొరలు ఓడెక్కిన పదేళ్ళకో పదిహేనేళ్ళకో. అయినా విరహం మాత్రం నిన్ననే స్టేషనుకెళ్ళి సాగనంపి వచ్చినంత పచ్చిగా ఉంటుంది. ప్రతి కాలనీ పార్కులోనూ ఈయన ఉన్నాడు, ప్రతి చుట్టాల వాట్సాప్ గ్రూపులోనూ ఉన్నాడు. ఉద్యోగం వెలగబెట్టినంత కాలం పదకొండింటికి ముందు ఆఫీసు గడప తొక్కనివాడు కూడా దొరల సమయపాలన మీద అరగంట మాట్లాడగలడు.

వీరితో వాదించి లాభం లేదు. కోరిక తీర్చేయడమే మేలు. దేశం మొత్తానికీ దొరల్ని మళ్ళీ రప్పించాలంటే తలనొప్పి. పైగా వాళ్ళ గొడవల్లో వాళ్ళున్నారు. కాబట్టి కావాలన్నవారికి మాత్రమే, వారి గేటు లోపలి వరకు మాత్రమే, దొరతనాన్ని సరఫరా చేసే పథకం ఒకటి పెట్టాలని నా ప్రతిపాదన. సరుకు కల్తీ లేనిది, మద్రాసు ప్రెసిడెన్సీలో తరాల తరబడి వాడి చూసిందే. (నిజాం ఇలాకాలో పుట్టినవారికి దొర అనగానే గడీ, వెట్టి గుర్తుకొస్తాయి. ఆ దొరలది వేరే ప్యాకేజీ. దాని సంగతి ఇంకోసారి.)

ముందు శిస్తుతో మొదలుపెడదాం, ఎందుకంటే దొరలూ దాంతోనే మొదలుపెట్టారు. సీడెడ్ జిల్లాలకి, అంటే నేటి రాయలసీమకి, 1800లో కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. మంచి దొర. నేను వెటకారానికి అనడం లేదు, నిజంగానే మంచివాడు. సీమలో పిల్లలకి మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. అంత మంచి దొర వేసిన శిస్తు పంటలో ఎంత? సుమారు నూటికి 45 వంతులు. ఇది రైతు భరించలేడు, మూడో వంతుకి దించండి అని 1807లో ఆయనే పైకి రాశాడు. పైవాళ్ళు ఆయన సేవల్ని మెచ్చుకుని, సలహాని పక్కన పెట్టి, ఊళ్ళకి ఊళ్ళు గుత్తకిచ్చారు. ముందు మూడేళ్ళకి, తర్వాత పదేళ్ళకి. ఆ తగ్గింపు సీమ రైతుకి చేరాలంటే మన్రో గవర్నరై తిరిగి రావలసి వచ్చింది. మన అభిమానికి నెలకి యాభై వేలు పింఛను వస్తోందనుకుందాం. ఒకటో తారీఖున ఇరవై రెండున్నర వేలు గేటు దగ్గరే తీసుకుంటాం. ఇది మంచి దొర రేటు. మామూలు దొర కావాలంటే విడిగా మాట్లాడుకోవాలి. వాన పడకపోతే అది మీకూ వరుణుడికీ మధ్య వ్యవహారం.

అంతలో మన అభిమాని కాటన్ పేరు ఎత్తుతాడు. ఎత్తాలి కూడా. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే గోదావరి జిల్లాలు లేవు. రేవుల్లో తర్పణాలు వదిలేటప్పుడు కాటన్ దొరని కూడా తలుచుకునేవాళ్ళున్నారు. నాకేం అభ్యంతరం లేదు. చిన్న లెక్క ఒకటి మాత్రం చూడండి. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చింది 1766లో. ఆనకట్ట పని మొదలైంది 1847లో. మధ్యలో 81 ఏళ్ళు. ఆ 81 ఏళ్ళూ శిస్తు వసూలు ఆగలేదు. ఆ మధ్యలోనే 1832–33లో నందన కరువు వచ్చి, గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనంలో లక్షన్నరకి పైగా పోయారు. బతికున్న రైతు లేకపోతే శిస్తు కట్టేదెవరన్న భయం ముదిరాకే ఆనకట్ట ఖర్చు మంజూరైంది. కట్టాక లాభంతో సహా రాబట్టుకున్నారు.

ఇంతకీ అదే కాటన్‌ని ఆయన సొంతవాళ్ళు ఎలా చూశారో అభిమానులు చెప్పరు. రైళ్ళ కంపెనీల పెట్టుబడికి నూటికి ఐదు వడ్డీ గ్యారంటీ. బండి నడిచినా నడవకపోయినా, లాభం రాకపోతే ఆ లోటు ఇక్కడి శిస్తులోంచి లండన్ వాటాదార్లకి వెళ్ళేది. పట్టాలకి పోసిన డబ్బులో కొంతైనా కాలవలకి పోస్తే జనం చావరు కదా అని కాటన్ మొత్తుకున్నాడు. 1878లో పార్లమెంటు కమిటీ ఆయన్ని కూర్చోబెట్టి, మెడల్ ఇవ్వడానికి కాదు, ముద్దాయిని అడిగినట్టు అడిగింది. మనం విగ్రహాలు పెట్టుకున్న దొరని దొరలు చాదస్తుడి కింద జమకట్టారు.

1878లో ఎందుకు పిలిచారంటే, అంతకు ముందే ధాత కరువు నడిచింది. పథకంలో ముఖ్యమైన సేవ ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

1876లో వానలు మొహం చాటేశాయి. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఎండిపోయాయి. రైళ్ళు లేక గింజలు అందలేదనుకునేరు. మద్రాసు నుంచి కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరు దాకా పట్టాలు 1871కే పడ్డాయి. కరువు నడిబొడ్డులోంచి బండి కూత వేసుకుంటూ పోతోంది. గింజలూ కదిలాయి. కాకపోతే బస్తా అనేది ఆకలి ఎక్కువున్న చోట దిగదు, ధర ఎక్కువున్న చోట దిగుతుంది. ఆ ధరని సర్కారు ముట్టుకోరాదని దొరల శాస్త్రం. శిస్తుని ముట్టుకోవచ్చు, ఉప్పుని ముట్టుకోవచ్చు, అడవిని ముట్టుకోవచ్చు. ధర మాత్రం మడి కట్టుకుని కూర్చుంది.

ఈ పరిస్థితుల్లో వైస్రాయి లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి, విక్టోరియా రాణిగారిని కైసర్-ఎ-హింద్‌గా ప్రకటించాడు. రాజులు, నవాబులు, ఏనుగులు, తుపాకి సలాములు. తర్వాత సర్ రిచర్డ్ టెంపుల్‌ని దక్షిణాదికి పంపాడు. ఈ టెంపుల్‌ది చిత్రమైన చరిత్ర. 1874లో బీహారు కరువుకి బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. ఇంత ఖర్చు పెడతావా అని పైవాళ్ళు తలంటారు. మనిషి బుద్ధి తెచ్చుకున్నాడు. మద్రాసు వైపు రాగానే కరువు పనుల కూలి తగ్గించాడు. రోజల్లా పని చేసిన మగ మనిషికి ఒక పౌను గింజలు, ఉప్పూ మిరపకాయలకి కాస్త చిల్లర. ఆడమనిషికి అంతకంటే తక్కువ.

ఒక పౌనంటే 453 గ్రాములు. మీ వంటింట్లో తూకం మిషన్ ఉంటే దాని మీద గిన్నె పెట్టి, సున్నా చేసి, జొన్నలు పొయ్యండి. అంకె 453 దగ్గర ఆగాలి. అన్నం కాదు, గింజలు. అందులో తాలు, మట్టిబెడ్డలు ఏరెయ్యండి. విసరండి. చింతపండు లేదు, నూనె లేదు, పప్పు లేదు. ఇప్పుడు సొంత ఊరు వదిలి దూరంగా కరువు పని జరిగే చోటికి నడిచిపోయి, సాయంత్రం దాకా చెరువు కట్టకి మట్టి మొయ్యండి, లేకపోతే రోడ్డుకి కంకర కొట్టండి. నిజంగా ఆకలైనవాడే అంత దూరం వస్తాడని అధికారుల తర్కం. నడవలేనంత ఆకలైనవాడి సంగతి ఆ తర్కంలో లేదు. ఈ కూలితో మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా పోట్లాడాడు. ఆయనా దొరే. కొన్ని నెలల తర్వాత కూలి కొంచెం పెంచారు. అప్పటికి చాలామందికి పెంచినా అక్కర్లేకపోయింది. కరువు ముగిసేసరికి దక్షిణాదిలో పోయినవాళ్ళు యాభై లక్షలకి పైమాటే. విలోబీ హూపర్ అనే సైనికాధికారి ఆ ఎముకల గూళ్ళని వరుసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఫొటోలు బాగా వచ్చాయి.

మార్నింగ్ వాక్ బృందంలో ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ చేస్తున్నవారు ఈ సేవని తప్పక ఎంచుకుంటారని నా ఆశ.

దాతృత్వం కూడా ఉంది, లేదనకూడదు. అంతకు పదేళ్ళ కిందటి కరువులో, 1866లో, కర్నూలు జిల్లా ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తీసి వేలమందికి గంజి పోయించాడు. సంతోషించి రాణిగారు బంగారు పతకం పంపారు. గింజలు ఆయనవి, పతకం ఆవిడది. ధాత కరువులో కూలీలు తవ్విన కాలవకి ఆ ఏడు మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. ఈ సూత్రం మన పథకంలోనూ ఉంటుంది. మీ ఇంటి ముందు మోరీ మీరే తవ్వుకోవాలి, పేరు మాది.

నేత గురించి ఒక్క ముక్క. మచిలీపట్నం అద్దకం బట్టలు లండన్ ఆడవాళ్ళు ఎగబడి కొంటుంటే, 1700లో ఆ అద్దకాల దిగుమతిని, 1721లో వాటిని కట్టుకోవడాన్నే నేరం చేస్తూ చట్టాలు తెచ్చిన స్వేచ్ఛా వ్యాపారులు వీరు. తర్వాత మర బట్ట ఓడలకెత్తి ఇటు పంపి, పోటీకి రండి అన్నారు. విదేశీ ఉద్యోగాలు కూడా వారే మొదలుపెట్టారు. కోరంగి రేవులో ఓడెక్కించి మారిషస్ చెరకు తోటలకి పంపేవారు. వేలిముద్రే ఆఫర్ లెటరు.

ఇక ఉప్పు దగ్గరికి వద్దాం. ఉప్పనగానే దండి, గాంధీ, చిటికెడు ఉప్పు అని బళ్ళో చదువుకుని మర్చిపోతాం. నాకు మాత్రం గాడిదలు గుర్తుకొస్తాయి.

ఎరుకలవాళ్ళలో ఉప్పు ఎరుకల అని ఒక తెగ ఉంది. కోస్తాలో ఉప్పు ఎత్తుకుని, గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని, బాటలు కూడా సరిగా లేని లోపలి ఊళ్ళకి మోసుకుపోయేవారు. అక్కడ ఉప్పిచ్చి ధాన్యం తీసుకోవడం, వచ్చేదారిలో ఆ ధాన్యం అమ్ముకోవడం. ఆడవాళ్ళు ఎరుక చెప్పేవారు, బుట్టలూ చాపలూ అల్లేవారు. దారి పక్క అడవిలో పశువులు మేసేవి, వెదురు దొరికేది. కొండ ఊరి ముసలమ్మ కూరలో ఉప్పుందంటే ఆ గాడిద దయ.

1805లో మద్రాసు సర్కారు ఉప్పుని గుత్తకి పట్టుకుంది. ధర పెరిగింది, ఎరుకలాయన చేతిలో పెట్టుబడికి సరుకు తగ్గింది. రైలొచ్చింది. గాడిద నెల్లాళ్ళు మోసేది బండి ఒక్క రాత్రిలో మోసింది, మోసి పెద్ద వ్యాపారి కొట్లో దింపింది. 1882లో అడవి చట్టం వచ్చింది. మేతకి పన్ను, వెదురుకి పర్మిట్, అదీ లేకపోతే కేసు. ధాత కరువు పశువుల్ని ముందే తినేసింది. అంటే ఓ డెబ్బై ఎనభై ఏళ్ళలో ఒక కులం మొత్తం చేతిలోంచి సరుకు, దారి, పశువు, అడవి నాలుగూ లాగేశారు. ఇంకా ఊళ్ళ వెంట తిరుగుతున్నారేమిటి వీళ్ళు, పనీపాటా లేకుండా, అని అప్పుడు దొరలకి సందేహం వచ్చింది.

ఆ సందేహానికి చట్టం సిద్ధంగా ఉంది. ఉత్తరాదిలో 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసుకీ విస్తరించారు. అందులో దొంగతనం చేసినవాడు దొంగ కాదు, పుట్టినవాడు దొంగ. రిజిస్టరులో పేరు, వేలిముద్రలు, రాత్రి హాజరు, ఊరు దాటాలంటే చీటీ. బాపట్ల దగ్గర ఒక సెటిల్మెంటు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ మిషనరీలకి అప్పగించారు. ఆత్మలు మిషనరీలకి, ఒళ్ళు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి. ఊరికి గవర్నర్ కౌన్సిల్ మెంబరు హెరాల్డ్ స్టువర్ట్ గారి పేరు పెట్టారు. స్టువర్టుపురం. మద్రాసు ప్రెసిడెన్సీ నిండా ఉప్పుని గుత్తకి పట్టుకుని లాభం తిన్నవాళ్ళ పేరుతో ఏ జాతినీ రిజిస్టరు చెయ్యలేదు.

దొరలు వెళ్ళారు, చట్టమూ పోయింది. మనం ఏం చేశాం? ఆ ఊరి పేరుతో సినిమాలు తీశాం. 1991లో ఒకటి, 2023లో అక్కడివాడైన దొంగ మీద ఇంకొకటి. దొర వేసిన ముద్రకి మనం నేపథ్య సంగీతం జోడించాం. ఏ దొంగతనం జరిగినా ముందుగా ఆ ఊరివాళ్ళనే పట్టుకొచ్చే అలవాటు మన పోలీసులకి ఏ దొర నేర్పాడో గానీ, బాగానే ఒంటబట్టింది.

పథకంలో ఈ భాగం అమలు తేలిక. వాకింగ్ క్లబ్బు సభ్యులందరినీ పుట్టుకతో అనుమానితులుగా నమోదు చేస్తాం. రాత్రి పదింటికొకసారి, మూడింటికొకసారి వాచ్‌మన్ గదికొచ్చి హాజరు వేయించుకోవాలి. కూతురింటికి కూకట్‌పల్లి వెళ్ళాలంటే చీటీ. వాచ్‌మన్ మూడ్ బాగా లేకపోతే చీటీ లేదు. పార్కులో మీ కుక్కపిల్ల గడ్డి కొరికితే పుల్లరి కట్టాలి. నవ్వకండి. 1921–22లో పల్నాటి రైతులు తమ ఊరి పక్క అడవిలో తమ గొడ్లు మేసినందుకు కట్టేది లేదని మొండికేసింది ఈ పుల్లరే. మన్యంలో పోడు కొట్టుకునేవాళ్ళని అడవి దొంగలన్నారు, కల్లు గీసుకుంటే చిగురు పన్నన్నారు. చింతపల్లి వైపు రోడ్డుకి కూలి లేకుండా కొట్టి పని చేయించారు. మీ కాలనీ సిమెంటు రోడ్డు కూడా ఈసారి అలాగే వేయిద్దాం, ఖర్చు కలిసొస్తుంది.

ఇక్కడో చిక్కుంది. కొంతమందికి దొరల పాలన నిజంగానే నయం. తాత కరణమో, మునసబో, దుబాసీయో, సర్కారు కాంట్రాక్టరో అయినవాడికి ఆ రోజులు బంగారు రోజులే. శిస్తులో చిల్లర వారి చేతి మీదుగానే వెళ్ళేది, వెళ్తూ వెళ్తూ కొంచెం అంటుకునేది. దొర గుర్రం మీద ఏడాదికొకసారి వచ్చేవాడు, మిగతా రోజులు వీరే దొర. అలాంటివారికి ఈ పథకం వర్తించదు. ఒకసారి అనుభవించినవారికి రెండోసారి మంజూరు చెయ్యకూడదు కదా.

ఇంకో చిక్కు, మన సర్కార్లు ఈ పథకంలోని కొన్ని అంశాల్ని ఇప్పటికే ఉచితంగా అందిస్తున్నాయి. రైతు భూమి లాక్కోవడానికి 1894 నాటి చట్టాన్ని 2013 దాకా భద్రంగా వాడుకున్నాం. సర్కారుని తిడితే లోపలేసే 1870 నాటి రాజద్రోహం సెక్షన్‌ని 2024 దాకా కాపాడుకుని, తీసేసేటప్పుడు కూడా దాని పిల్లనొకదాన్ని కొత్త చట్టంలో ఉంచుకున్నాం. పోడు భూముల్లో ఫారెస్టువాళ్ళు ట్రెంచీలు కొడుతుంటే గిరిజన ఆడవాళ్ళు అడ్డం పడుకునే దృశ్యం ఇప్పటికీ పేపర్లో జిల్లా పేజీలో వస్తూనే ఉంటుంది. దొరలే నయం అనేవారు ఆ పేజీ తిప్పేసి షేర్ మార్కెట్ చూస్తారు. పోడు మాటొస్తే మాత్రం అడవివాళ్ళకి చట్టమంటే భయం లేకుండా పోయిందని బాధపడతారు.

దరఖాస్తు చేసుకునేవారు ఒక్క షరతు గమనించాలి. మధ్యలో రద్దు చేసుకునే వీలు లేదు. గతంలో కొందరు అడగకపోలేదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నెలకి పదకొండు రూపాయల చిల్లర తవర్జీ (భరణం) విషయంలో తేడా వచ్చి అడిగాడు. 1847లో కోయిలకుంట్లలో ఉరి తీసి, తలని కోట గుమ్మానికి వేలాడదీశారు. 1877 దాకా అక్కడే ఉంది. ధాత కరువుని కూడా చూసింది. పుల్లరి సంగతి అడిగిన కన్నెగంటి హనుమంతుకి 1922లో మించాలపాడులో తుపాకితో సమాధానమిచ్చారు. రోడ్డు కూలి సంగతి, పోడు సంగతి అడిగిన అల్లూరి సీతారామరాజు ఫైలు 1924 మే 7న కొయ్యూరులో మూసేశారు. ఫైళ్ళు కదలడం లేదని బాధపడేవారు ఈ వేగం గమనించగలరు.

ఫారం నింపడం సులభం. పేరు, ఇంటి నంబరు, పశువులుంటే ఎన్ని, పక్కింటివారి మీద ఏమైనా అనుమానాలుంటే అవి. సంతకం అక్కర్లేదు, అంత నమ్మకం ఈ పథకంలో ఎవరి మీదా ఉండదు. కింద గడిలో వేలిముద్ర వెయ్యండి. ఆ శాఖ కూడా 1897లో కలకత్తాలో వారు పెట్టిందే కదా. పది వేళ్ళూ వెయ్యాలి.